పేరు పోయిన విమానం

పాత కార్లంటే ప్రాణం పెట్టేవాళ్ళు కొందరుంటారు. పీటర్ వాచర్ అనే ఇంగ్లీషు ఆయన అటువంటివాడు. ఒకప్పుడు మన సంస్థానాల రాజులు ముచ్చటపడి తెప్పించుకున్న రోల్స్ రాయిస్ కార్లంటే ఆయనకు మహా ఇష్టం. 1982లో ఆయన మన దేశంలో తిరుగుతూ కాశీ చేరాడు. అక్కడ హిందూ విశ్వవిద్యాలయంలో ఆయన కంటపడింది కారు కాదు, యుద్ధవిమానం! చాలా ఏళ్ళుగా ఎవరూ ముట్టుకోక పాడుబడిపోయిన హరికేన్ విమానం. దాని ఇంజను మాత్రం రోల్స్ రాయిస్ వారు చేసినదే.

అది హరికేన్ అని గుర్తుపట్టటం పెద్ద విద్య కాదు. విమానాల బొమ్మలు నాలుగు చూసిన కుర్రవాడు కూడా చెప్పగలడు. కాని హరికేన్లు ఒకటా, రెండా? మొత్తం సుమారు 14,500 తయారయ్యాయి. ఇంగ్లండులో హాకర్ వారు చేశారు, గ్లాస్టర్ వారు చేశారు, కెనడాలో మరొక కర్మాగారం వారు చేశారు. అన్నిటిదీ దాదాపు ఒకే పోలిక. కనుక "ఇది హరికేన్" అంటే, దారిన పోయే మనిషిని చూసి "ఇతను మనిషి" అన్నట్లే అవుతుంది. ఏ ఊరివాడు? ఎవరి అబ్బాయి? ఇన్నాళ్ళూ ఏం చేశాడు? అది కదా తెలియవలసింది!

బ్రిటిషు వైమానిక దళంలో ప్రతి విమానానికీ ఒక నంబరు ఉండేది. ముందు ఒకటో రెండో అక్షరాలు, ఆ తరువాత అంకెలు. ఒక విమానానికి ఇచ్చిన నంబరు మరొకదానికి ఇవ్వరు. ఈ నంబరును తోకకు కాస్త ముందు రెండు పక్కలా రంగుతో రాసేవారు. ఇక్కడే వచ్చింది చిక్కు. హరికేన్ వెనుక భాగానికి రేకు ఉండదు. లోపల ఉక్కు గొట్టాలు, వాటిమీద కొయ్య బద్దలు, పైన బిగించి కుట్టిన గుడ్డ. ఆ గుడ్డమీద ఒక రకం వార్నిషు పూస్తే అది డోలు చర్మంలాగా బిగుసుకుంటుంది. గంటకు 300 మైళ్ళకు పైగా పోయే యుద్ధవిమానానికి గుడ్డ తొడుగు ఏమిటా అని ఆశ్చర్యపోకండి. గుడ్డ తేలిక. గుండు తగిలి చిల్లి పడితే మాసిక వేసుకోవచ్చు. కాని విమానం మూలపడి వానకు నాని, ఎండకు ఎండిందంటే మొట్టమొదట చినిగేది ఆ గుడ్డే. గుడ్డతోపాటు పేరూ పోతుంది.

పేరు పోయిన విమానానికి మళ్ళీ పేరు ఎట్లా పట్టుకుంటారు? ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు మా మేనమామ. ఆయన 1948లో బెంగుళూరు వెళ్ళి హిందూస్థాన్ ఏర్‌క్రాఫ్ట్ కర్మాగారంలో ఫిట్టరుగా చేరాడు. సంవత్సరానికి ఒకసారి సెలవుమీద మా ఊరు వచ్చేవాడు. రాత్రి భోజనాలయ్యాక అరుగుమీద చాప వేసుకుని కూర్చుని కర్మాగారం కబుర్లు చెప్పేవాడు. మాకు వాటిముందు పేదరాశి పెద్దమ్మ కథలు కూడా చప్పగా ఉండేవి.

ఆయన కబుర్లలో కాన్పూరు విమానాలది పెద్ద కథ. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికావారు బ్రిటిషువారికి లిబరేటర్లనే పెద్ద బాంబర్లను అరువు ఇచ్చారు. నాలుగు ఇంజన్లు, జంట తోకలు, ఏనుగు పొట్టలాంటి పొట్ట. యుద్ధం అయిపోగానే ఒప్పందం ప్రకారం వాటిని తిరిగి ఇవ్వాలి, లేకపోతే పనికి రాకుండా చేయాలి. మన దేశంలో ఉన్నవాటిని కాన్పూరు దగ్గర చకేరీలో వరుసగా నిలబెట్టి పాడుచేసి వదిలేశారు. ఇక అవి తుక్కే అనుకున్నారు.

ఇంతలో మనకు స్వాతంత్ర్యం వచ్చింది. మన వైమానిక దళానికి పెద్ద బాంబర్లు లేవు, కొనటానికి డబ్బూ లేదు. అప్పుడు బెంగుళూరు వాళ్ళు కాన్పూరు పోయి ఆ తుక్కును పరీక్షించారు. బాగుపడేవాటిని ఏరి, ఎగరటానికి ఎంత అవసరమో అంతవరకు అక్కడే అతుకులు వేశారు. జంషెడ్ కైకోబాద్ మున్షీ అనే పైలటు వాటిని ఒక్కొక్కటిగా బెంగుళూరుకు నడిపించుకుపోయాడు. అతుకుల విమానంలో అంత దూరం! అట్లా నలభైకి పైగా లిబరేటర్లు మళ్ళీ బతికాయి. 1968 చివరిదాకా మన వైమానిక దళంలో పనిచేశాయి.

"ఒక విమానం రెక్క చివర బాగుంటుంది, తోక నుజ్జయి ఉంటుంది. పక్కదాని తోక బాగుంటుంది, చక్రాలు ఉండవు. దీని తోక దానికి, దాని తలుపు దీనికి వేసేవాళ్ళం," అనేవాడు మామయ్య.

"అయితే మామయ్యా, అది ఏ విమానమని రాసుకునేవాళ్ళు?" అని నేను అడిగాను.

ఆయన నవ్వి, "అదేరా అల్లుడూ తమాషా! ఒక్క ముక్కను చూసి పేరు చెప్పేవాణ్ణి ఎన్నడూ నమ్మకు. వేరువేరు చోట్ల దొరికిన సాక్షులు ముగ్గురైనా ఒకే మాట చెప్పాలి," అన్నాడు.

ఆ సాక్షులు ఎవరో కొంత ఆయన చెప్పగా, కొంత నేను తరువాత చదివి తెలుసుకున్నాను.

మొదటి సాక్షి, రేకులో గుద్దిన అంకెలు. విమానంలో ప్రతి చిన్న ముక్కకూ ఒక నమూనా నంబరు ఉంటుంది. స్పిట్‌ఫైర్ మొదటి రకానికి చేసిన ముక్కలు 300 అనే అంకెతో మొదలవుతాయి. హాకర్ వారి ముక్కలమీద 41 హెచ్ అని ఉంటుంది. లిబరేటరు ముక్కలు 32తో మొదలవుతాయి, ఎందుకంటే కర్మాగారంవారి లెక్కలో ఆ విమానం 32వ నమూనా. ఆ పక్కనే ముక్కను పరీక్షించి సరేనన్న ఉద్యోగి చిన్న ముద్ర కొడతాడు. ముద్రను బట్టి ఏ కర్మాగారమో తెలుస్తుంది. స్పిట్‌ఫైర్ ముక్కమీద 6 ఎస్ అని ఉంటే సూపర్‌మెరీన్ వారు పరీక్షించినది, సి.బి.ఎ.ఎఫ్. అని ఉంటే కాసిల్ బ్రామిచ్ కర్మాగారంలో పుట్టినది.

అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. నమూనా నంబరు ఆ ముక్క ఏ రకం విమానానిదో చెబుతుంది గాని, ఏ విమానానిదో చెప్పదు. చొక్కామీద దర్జీ కుట్టిన చీటీ చూసి చొక్కా ఎవరు కుట్టారో చెప్పవచ్చు. తొడుక్కున్నది ఎవరో చెప్పలేము.

గుండ్రని మీటర్లయితే ఆ మాత్రం కూడా చెప్పవు. పాతసామాను దుకాణాల్లో కిరీటం గుర్తు, దాని కింద ఎ.ఎం. అనే అక్షరాలు, 6 ఎ అంటూ మొదలయ్యే నంబరు ఉన్న మీటర్లు కనిపిస్తుంటాయి. ఎ.ఎం. అంటే బ్రిటిషువారి ఏర్ మినిస్ట్రీ. 6 ఎ అంటే విమాన పరికరాల పద్దు. ఒకే రకం మీటరును హరికేన్‌లోనూ బిగించారు, మరి పది రకాల విమానాల్లోనూ బిగించారు. "ఇది ఫలానా వీరుడి విమానంలోదండీ" అని దుకాణదారు చెబితే విని ఆనందించండి. డబ్బు మాత్రం మీటరుకే ఇవ్వండి, కథకు కాదు.

రివెట్లు కూడా మంచి సాక్షులే. విమానం రేకులను కలిపే చిన్న చిన్న మేకులు రివెట్లు. అమెరికా రివెట్ల తలలమీద గుర్తులుంటాయి. కొన్నిటికి నడిమధ్య చిన్న గుంట, కొన్నిటికి ఉబ్బెత్తు చుక్క, కొన్నిటికి ఎదురెదురుగా రెండు చిన్న గీతలు. ఒక్కొక్క గుర్తు ఒక్కొక్క లోహపు మిశ్రమానికి. రెండు గీతలవాటి సంగతి వినండి. వాటిని కొలిమిలో కాచి నీళ్ళలో ముంచగానే మెత్తగా ఉంటాయి. ఊరికే ఉంచితే వాటంతట అవే గట్టిపడిపోతాయి! అప్పుడు సుత్తితో కొడితే పగుళ్ళు వస్తాయి. అందుకని వాటిని మంచుపెట్టెలో పెట్టి, కావలసినప్పుడు కాసిని తీసి గబగబా బిగిస్తారు. చల్లదనంలో గట్టిపడటం ఆలస్యమవుతుంది. ఇట్లా ఊరికే ఉంచితే గట్టిపడే అల్యూమినియం మిశ్రమాన్ని 1906లో జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ కనిపెట్టాడు. అల్యూమినియంలో నూటికి నాలుగు పాళ్ళు రాగి, ఇంకా కాస్త కాస్త వేరే లోహాలు. అది లేకపోతే రేకు విమానాలే లేవు. "మా కర్మాగారంలో మంచుపెట్టె ఉండేదిరా, అందులో సోడాలు మాత్రం ఉండేవి కావు," అనేవాడు మామయ్య.

ఇక రంగులు. పాత విమానం రంగును తడి గరుకు కాగితంతో మెల్లగా రుద్దితే ఉల్లిపొరల్లాగా ఒకదాని కింద ఒకటి బయటపడతాయి. పసుపూ ఆకుపచ్చా కలిసిన అడుగు పూత కనిపిస్తే అది అమెరికా రేకు అయి ఉండవచ్చు. రెక్కలమీద ఉండే గుండ్రని గుర్తులు ఇంకా బాగా మాట్లాడతాయి. బ్రిటిషువారి గుర్తు నడుమ ఎర్రని చుక్క ఉండేది. కాని బర్మా వైపు యుద్ధంలో జపానువారి విమానాలమీద ఎర్రని సూర్యబింబం ఉండటంవల్ల, దూరం నుంచి చూసి పొరపాటున తమవాళ్ళే తమను కాల్చుకోకుండా, అక్కడి బ్రిటిషు విమానాలమీద ఎరుపును తీసివేశారు. నీలం, లేతనీలం రెండే మిగిలాయి. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మన మూడు రంగులూ వచ్చాయి. కనుక ఒకే రేకుమీద ఎరుపు ఉన్న గుర్తు అడుగున, ఎరుపు లేనిది దానిపైన, మన మూడు రంగులది అన్నిటికీ పైన కనిపిస్తే ఆ రేకు ఎక్కడెక్కడ తిరిగిందో, ఏ వరుసలో తిరిగిందో తెలిసిపోతుంది.

అన్నిటికన్న విలువైన సాక్షి ఎవరూ చూడని చోట దాక్కుని ఉంటాడు. ఇంజనుమీద మూతలాగా బిగించే రేకులను చేత్తో సరిచేసి అమర్చేవారు. ఒక విమానం మూత మరొకదానికి అంత తేలికగా అతకదు. అందుకని విప్పినప్పుడు కలిసిపోకుండా లోపలి వైపున ఆ విమానం నంబరే రాసుకునేవారు. మన పెళ్ళిళ్ళలో అరువు తెచ్చిన గుండిగలమీద ఇంటిపేరు రాసుకోమా, అట్లా! వానా ఎండా తగలని ఆ అంకెలు ఏళ్ళ తరబడి నిలుస్తాయి. రెండు మూడు చోట్ల అదే నంబరు దొరికితే ఇక పేరు దొరికినట్లే.

ఇప్పుడు కాశీ హరికేన్ దగ్గరికి వద్దాం. వాచర్ దాన్ని మరిచిపోలేదు. కొన్నేళ్ళకు మళ్ళీ వచ్చి పరీక్షించాడు. దాని నంబరు ఆర్ 4118 అని తేలింది.

నంబరు తెలిసిన తరువాత పని కాగితాలది. బ్రిటిషు వైమానిక దళంలో ప్రతి విమానానికీ ఒక కార్డు ఉండేది. దాన్ని 78వ నంబరు ఫారం అనేవారు. మన ఊళ్ళలో కరణంగారి లెక్కల్లో ప్రతి చెక్కకూ పద్దు ఉండేది చూడండి, అట్లాగే విమానం ఏ తేదీన ఎవరి చేతికి వచ్చింది, ఎప్పుడు దెబ్బతిన్నది, ఎప్పుడు ఎక్కడికి పంపారు అంతా అందులో ఉంటుంది. దళాలవారు ఏ రోజు ఎవరు ఏ విమానంలో ఎగిరారో పుస్తకాల్లో రాసేవారు. పైలటు తన సొంత పుస్తకంలో కూడా రాసుకునేవాడు. ఈ మూడు పుస్తకాలనూ రాసినది వేరువేరు చేతులు. అవి ఒకదానితో ఒకటి సరిపోతే ఇక సందేహం ఉండదు.

సరిపోయాయి. ఆర్ 4118 గ్లాస్టర్ వారి కర్మాగారంలో పుట్టింది. 1940 ఆగస్టులో 605వ దళానికి వచ్చింది. ఆ వేసవిలోనే జర్మను విమానాలు తండోపతండాలుగా ఇంగ్లండుమీదికి వస్తున్నాయి. "బ్రిటన్ యుద్ధం" అని మీ చరిత్ర పుస్తకాల్లో ఉండేది అదే. పక్కన యు.పి. డబ్ల్యు అనే అక్షరాలు రాసుకుని ఈ హరికేన్ ఆ యుద్ధంలో 49 సార్లు పైకి లేచింది. అయిదు శత్రువిమానాలను కూల్చింది. యు.పి. అంటే 605వ దళం గుర్తు, డబ్ల్యు దళంలో దాని ముద్దుపేరు. దళం మారితే ముద్దుపేరు మారుతుంది, నంబరు మాత్రం మారదు.

తరువాత అది దెబ్బతిన్నది, బాగుపడ్డది, వేరే దళానికి పోయింది, కొత్త పైలటుల చేతిలో పాఠాల విమానమయింది. 1943 చివర దాన్ని పెట్టెలో పెట్టి ఓడమీద మన దేశానికి పంపారు. 1947లో ఇంజనీరింగు విద్యార్థులు చూసి నేర్చుకోవటానికి కాశీ విశ్వవిద్యాలయానికి చేరింది. లండను ఆకాశంలో పోట్లాడిన విమానం కాశీ పిల్లలకు పాఠ్యపుస్తకమయింది. నన్నడిగితే అది దానికి తక్కువ గౌరవమేమీ కాదు.

వాచర్ ఆరేళ్ళు ఓపికగా ఉత్తరాలు రాసి, వచ్చి మాట్లాడి, చివరకు 2001లో విమానాన్ని ఇంగ్లండుకు తీసుకుపోయాడు. నిపుణులు దాన్ని విప్పి, పాడైనవి తీసి, మూడేళ్ళు పనిచేశారు. 2004 డిసెంబరు 23న ఆర్ 4118 కేంబ్రిడ్జిలో మళ్ళీ పైకి లేచింది. 1940లో దాన్ని నడిపిన బాబ్ ఫాస్టర్ అనే పైలటు అప్పటికి బతికే ఉన్నాడు. యుద్ధంనాటికి ఇరవై ఏళ్ళ కుర్రవాడు, ఇప్పుడు ఎనభై నాలుగేళ్ళ తాత. తన విమానాన్ని తిరిగి చూసుకున్నాడు. ఆ నంబరే దొరక్కపోతే ఆయన ముందు నిలబడేది ఏదో ఒక హరికేన్. తనది కాదు.

"పాడైనవన్నీ మార్చివేశాక అది పాత విమానమే ఎట్లా అవుతుంది?" అని మీలో గడుసువాళ్ళు అడుగుతారని నాకు తెలుసు. మా ఊరి దేవుడి రథం చూడండి. మా తాత కాలంలో చక్రాలు మార్చారు, మా నాన్న కాలంలో ఇరుసు మార్చారు, నా కాలంలో పై చట్రం కొత్తది చేశారు. అయినా అది మా ఊరి రథమే, ఎవరూ కొత్త రథం అనరు. ఎందుకంటే ఏ ఒక్కనాడూ అది రథం కాకుండా పోలేదు. అట్లాగాక, ఎక్కడో దొరికిన ఒక్క పేరుపలకను పట్టుకుని, దానిచుట్టూ విమానమంతా కొత్తగా చేసి, "ఇదే అది" అనేవాళ్ళూ లోకంలో ఉన్నారు. నేనయితే దాన్ని ఒప్పుకోను. రథం మేకు ఒకటి తెచ్చుకుని రథం నాదంటే మా ఊళ్ళో నవ్విపోతారు.

పేరు అరువు తెచ్చుకోవటం వేరు. 2018లో ఒక పాత డకోటా విమానం మన వైమానిక దళానికి కానుకగా వచ్చింది. పాడుబడి ఉన్నదాన్ని బాగుచేయించి ఇచ్చారు. దానికి పరశురామ అని పేరుపెట్టి, తోకమీద వి.పి. 905 అని రాశారు. 1947 అక్టోబరు 27న మన సైనికులను శ్రీనగరులో దింపిన డకోటా నంబరు అది. ఇది ఆ విమానమని ఎవరూ అనలేదు, దాని జ్ఞాపకార్థం రాశామన్నారు. తాతగారి పేరు మనుమడికి పెట్టినట్లు. అందులో మోసం లేదు. కాని యాభై ఏళ్ళ తరువాత ఎవడైనా తోకమీది రంగును మాత్రమే చూస్తే ఏమనుకుంటాడు? అందుకే లోపలి అంకెలు కూడా చదవాలి.

మా మామయ్య నాకు ఒక రేకుముక్క ఇచ్చాడు. అరచేతి అంత ఉంటుంది. ఒక అంచున మూడు రివెట్లు, తలలమీద చిన్న గుంటలు. వెనుక పచ్చని అడుగు పూత. మూలగా గుద్దిన నంబరు 32తో మొదలవుతుంది. ఆయన ఇంకో రహస్యం కూడా చెప్పాడు. తాను పనిచేసిన ఒక లిబరేటరు లోపల, ఎవరి కంటా పడని చోట, మేకుతో తన పేరులోని మొదటి అక్షరం "సూ" అని తెలుగులో గీశాడట! పై ఉద్యోగి చూస్తే చీవాట్లు పెట్టేవాడే.

1968 తరువాత ఆ లిబరేటర్లలో చాలా భాగం నిజంగా తుక్కయిపోయాయి. కొన్నిటిని మాత్రం దూరదేశాలవాళ్ళు అడిగి తీసుకుపోయారు. ఇవాళ ఒకటి ఢిల్లీలో పాలం మ్యూజియంలో ఉంది. బ్రిటనులో ఒకటి, కెనడాలో ఒకటి, అమెరికాలో అరిజోనా ఎడారిలోని మ్యూజియంలో ఒకటి, ఇంకా ఒకటి రెండు చోట్ల ఉన్నాయి. నేను పాలం వెళ్ళి ఆ జంట తోకల కింద చాలాసేపు నిలబడ్డాను. లోపలికి ఎక్కనివ్వరు, అందరూ ఎక్కితే అది మాత్రం ఎన్నాళ్ళు నిలుస్తుంది?

మామయ్య ఇప్పుడు లేడు. మొన్న ఆ ముక్కకు ఒక చీటీ రాసి అంటించాను. "లిబరేటరు విమానం ముక్క. అమెరికాలో తయారైనది. కాన్పూరు నుంచి బెంగుళూరు వచ్చినది. బాగుచేసినవారిలో ఒకరు మా మేనమామ. విమానం నంబరు..." అక్కడ ఖాళీ వదిలాను.

పక్కనే కూర్చున్న మా మనుమరాలు చీటీని చదివి, "తాతయ్యా, పాలంలో ఉన్నదాని నంబరు వేసేయరాదూ? నువ్వు చూశావుగా!" అన్నది.

"చూశానమ్మా. కాని సాక్షి ఏడీ?" అన్నాను.

అది కాసేపు ఆలోచించింది. తరువాత తన పెన్సిలు చెక్కుకుని, ఆ ఖాళీ పక్కన చిన్నగా "సూ" అని రాసి, దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. ఆ తరువాత గోడమీది పటం దగ్గరికి పోయి అరిజోనా ఎక్కడున్నదో వెతకటం మొదలుపెట్టింది.